పడుగు కొసన సంతోషమ్మ

హాలహర్వి అవతల, కన్నడ ఊళ్లు కనిపించే మేరలో, సంతోషమ్మ పల్లె ఉండేది. ఆ పల్లెలో మట్టిగోడల గుడి ఒకటి. క్రిస్మస్ పొద్దున పాటలూ ప్రార్థనా ముగిశాక ఉపదేశి ఏసన్న అక్కడొక పని చేసేవాడు. అట్లాంటిది మరే ఊళ్లోనూ చేసినట్టు ఎవరూ వినలేదు. ఇంటింటి పేర్లూ పిలిచేవాడు. ఇంటి పెద్ద మొదలు చంటిబిడ్డ దాకా, ఆ ఇంట చనిపోయినవాళ్లను కూడా వదలకుండా పిలిచేవాడు. పేర్లన్నీ అయ్యాక ఆ ఇంటి మనిషి ఒకరు లేచి “ఉండాం” అనాలి. చచ్చినవాళ్లను కలుపుకొని ఉండాం అనడమేమిటని కొత్త కోడళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. ఏళ్లు గడిచి తమ ఇంట్లోనూ పోయినవాళ్ల పేర్లు చేరాక, ఆ కోడళ్లే అందరికంటే గట్టిగా ఆ మాట అనేవాళ్లు.

సంతోషమ్మ కూడా ఒకప్పుడు నవ్విన కోడలే. అప్పుడామె వెనక మొగుడు యేసేపు ఉండేవాడు, కొన్నేళ్లకు కొడుకు మాదన్న వచ్చాడు. మాదన్న అన్నది తాత పేరు. బాప్తిస్మంలో వేరే పేరేదో పెట్టారు గానీ అది గుడి దాటి బయటికి రాలేదు. పందొమ్మిదేళ్ల ఆ కొడుకునూ, ఆ మొగుణ్ణీ ఒకే వారంలో కలరా తీసుకుపోయింది. ఆ ఏడే వానలు కూడా ముఖం చాటేశాయి. పల్లె చెదిరిపోయింది. గుడి కప్పు కూలింది. ఏసన్న ఎమ్మిగనూరులో ఉన్న కూతురి దగ్గరికి పోయాడని తర్వాతెప్పుడో తెలిసింది.

సంతోషమ్మ ఆదోని చేరింది. పత్తి జిన్నింగు మిల్లులో పత్తిలోంచి చెత్త ఏరేది, రాత్రిళ్లు మిల్లు వరండాలో గోనెల మీద పడుకునేది. అట్లా మూడు క్రిస్మస్‌లు గడిచాయి. ఆదోనిలో గుళ్లు లేక కాదు. పోయింది, చివర్లో నిలబడింది, పాటలు పాడింది, వచ్చింది. అక్కడ ఆమెను ఎవరూ పొమ్మనలేదు, పేరు పెట్టి పిలిచినవాళ్లూ లేరు. ఒక్కోసారి చీకట్లో తనే “యేసేపు, మాదన్న, సంతోషమ్మ” అని పిలుచుకుని, తనే “ఉండాం” అనుకునేది. మన పేరు మనమే పిలుచుకుని మనమే పలికితే అది పిలుపెట్లా అవుతుంది? ఆ సంగతి ఆమెకూ తెలుసు.

నాలుగో ఏడు పత్తే పండలేదు. మిల్లు మూసేశారు. కరువులో అధిక మాసమన్నట్టు కావలివాడు వరండా కూడా ఖాళీ చేయమన్నాడు. గంజి కేంద్రంలో పోసిన గంజి తాగి, మార్కెట్టు గోడ వార పడుకుంటున్న రోజుల్లో, ఎమ్మిగనూరు నుంచి వచ్చిన బండి తోలే భీమన్న ఒక మాట చెప్పాడు.

“మీ ఏసన్న ఆడనే ఉండాడమ్మా. ఈ క్రిస్మస్ అయినంక కూతురోళ్లతో కలిసి తుంగభద్ర కాలువ పనులకు పోతాడంట. గుడి అయినంకనే బండెక్కుతాడంట.”

యేసేపు, మాదన్న అని ఇద్దరు మనుషులు ఈ లోకంలో తిరిగారని తెలిసినవాడు ఇక ఏసన్న ఒక్కడే. ఆయన నోట ఆ పేర్లు ఒక్కసారి వినాలి. వినబడేటట్టు ఒక్కసారి “ఉండాం” అనాలి. ఆ తర్వాత గోడ వారన బతికినా, చచ్చినా ఆమెకు పెద్ద తేడా లేదు.

పండుగ ముందురోజు మధ్యాహ్నం ఉతికిన చీర ఒకటి మూటగట్టుకుని నడక మొదలుపెట్టింది. కోటేకల్లులో ఒక మంటపం కింద తల వాల్చి, తొలికోడి కూయగానే మళ్లీ దారి పట్టింది. తెల్లారకముందే ఎమ్మిగనూరు సాలెవీధిలోకి వచ్చింది. గుడి ఇంకో రెండు వీధుల అవతల ఉందని దారిలో ఎవరో చెప్పారు. బావి దగ్గర ముఖం కడుక్కుని, చీర మార్చుకుని పోతే సరిగ్గా సరిపోతుంది.

ఆ వీధిలో ఎప్పుడూ తెల్లవారుజామున పది పడుగులు సాగి ఉండేవట. నేతకు ముందు పడుగుకు, అంటే మగ్గం మీది నిలువు పోగులకు, గంజి పట్టించాలి. నలభై గజాల నూలు, రెండు వేల పోగులు వీధి పొడుగునా బిగించి కట్టి, గంజి పూసి, అటొకరు ఇటొకరు నిలబడి పెద్ద కుంచెలతో దువ్వుతూ పోవాలి. తడి ఆరేదాకా దువ్వాలి. మధ్యలో ఆపినా, పడుగు సడలినా పోగుకు పోగు అతుక్కుని తాడైపోతుంది. దాన్ని బ్రహ్మదేవుడు కూడా విడదీయలేడు. ఆ ఏడు మాత్రం నూలు రాక మగ్గాలన్నీ మూతపడ్డాయి, వీధిలోవాళ్లంతా కరువు పనులకు పోయారు. రెండు నెలలు ఎదురుచూడగా నీలకంఠం ఇంటికి మాత్రం ఒక్క పడుగు నూలు వచ్చింది. ఆ పొద్దు వీధిలో ఉన్నది ఆ పడుగొక్కటే. దాని చుట్టూ ఉన్నది ముగ్గురే. నీలకంఠం, అతని భార్య సావిత్రమ్మ కుంచెలు పట్టారు. డెబ్బయ్యేళ్ల తల్లి తాయమ్మ తెగిన పోగులు అతుకుతోంది.

సంతోషమ్మ గోడ పక్కగా ఒదిగి పోతోంది. పడుగు దాటి పోవడం తప్పని ఆమెకు తెలుసు. పడమటి కొసకు వచ్చేసరికి, పడుగు తాడు కట్టడానికి నేలలో పాతిన రాయి ఒకటి, వాళ్ల తాతలనాటిది, ఆమె కళ్లముందే పక్కకు ఒరిగి, మొదలంటా పెకలి పడింది. కరువుకు నేల అంతగా ఎండి గుల్లబారింది. తాడు జారింది. పడుగు ఒక్కసారిగా వంగింది.

“ఓ యమ్మా, తాడు పట్టుకో” అని నీలకంఠం అరిచాడు.

ఆలోచించేంత వ్యవధి ఎక్కడిది? మూట కింద పడేసి సంతోషమ్మ తాడు అందుకుంది. అది ఆమెను రెండడుగులు ఈడ్చుకుపోయింది. కూలబడి, పడిన రాతికి మడమలు తన్నిపెట్టి, తాడును నడుము చుట్టూ తిప్పుకుని వెనక్కి వాలింది. పడుగు మళ్లీ బిగిసింది.

“అట్లనే ఉండమ్మా. వదిలితివంటే మా బతుకు మన్నులో కలిసిపోతాది” అన్నాడు నీలకంఠం. కుంచె ఆపలేదు.

“నాయనా, నేను గుడికి పోవాల. క్రిస్మస్ ఈ పొద్దు. ఎవరినన్నా పిలుచుకో.”

“ఎవరుండారమ్మా ఈదిలో. మా యమ్మ పట్టుకుంటే ఆమెనే ఈడ్చుకుపోతాది. రోంత ఓపిక పట్టు, ఆరిపోతాది.”

రోంత ఎంతసేపో ఆమెకు తెలియదు. గుడి గంట మోగింది. అది మొదటి గంట. ఇంకా వేళ ఉందిలే అనుకుంది. గంజి తడికి పోగులన్నీ బూడిదరంగులో వేలాడుతున్నాయి. చలి. నడుముకు చుట్టిన తాడు చీర మీదుగా ఒరుసుకుంటోంది.

రెండో గంట మోగింది. ఇప్పుడు వదిలేసి పరుగెత్తితే అందుకోవచ్చు. ఆమెను ఎవరూ కట్టెయ్యలేదు. ముక్కూ ముఖం తెలియని మనుషులు. వాళ్ల పడుగు వాళ్ల ఖర్మ. ఆదోనిలో మిల్లు మూసిన రోజు ఆమె ఖర్మ గురించి ఎవరడిగారు గనక? సంతోషమ్మ మంచి మనిషే గానీ దేవత కాదు. వేళ్లు ఒకసారి వదులు చేసింది కూడా. తాడు జానెడు జారింది. అంతలో నలభై గజాల అవతల ముసలి తాయమ్మ తల ఎత్తి ఇటు చూసింది. సంతోషమ్మ తాడు మళ్లీ బిగించింది. బిగించినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఆ కోపంతోనే కళ్లనీళ్లు వచ్చాయి.

గుడిలో పాట మొదలైంది. ఇళ్ల కప్పుల మీదుగా సన్నగా వినిపిస్తోంది. పాట అయ్యాక ప్రార్థన, ప్రార్థన అయ్యాక ఏసన్న బండెక్కడం. అయిపోయింది, అనుకుంది సంతోషమ్మ. ఇద్దరినీ పూడ్చినప్పుడు కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు.

అప్పుడు వీధి తూర్పు కొసన పొద్దు పొడిచింది.

ముందు ఆ చివరి పోగులు ఎర్రబడ్డాయి. తర్వాత ఆ ఎరుపు పసుపై, పసుపు తెలుపై, తడిసిన నూలు వెంట ఇటువైపు రాసాగింది. గజం తర్వాత గజం. కుంచె దువ్విన చోటల్లా ఒక్కో పోగూ విడివిడిగా మెరిసింది. రెండు వేల పోగులు. కొస నుంచి కొస దాకా ఒక్కటీ తెగకుండా, వెలుగు మోసుకుంటూ ఆ పోగులన్నీ ఆమె నడుము దగ్గరికే వస్తున్నాయి. ఆమె జన్మలో ఎన్నో పొద్దులు చూసింది, చేల గట్ల మీద చూసింది, మిల్లు గేటు దగ్గర చూసింది. ఏ పొద్దూ ఇట్లా తన ఒక్కదాని కోసం దారి వేసుకుని రాలేదు. ఆమెకు భయం వేసింది. పెద్దవాళ్లు ఉన్నట్టుండి గుమ్మంలోకి వచ్చి నిలబడితే పనిలో ఉన్నవాళ్లకు వేసే భయం అది.

భయంతోపాటు ఇంకోటి తెలిసింది. తాడు ఊరికే లాగడం లేదు, అదురుతోంది. నీలకంఠం కుంచె దువ్విన ప్రతిసారీ ఒక అదురు. సావిత్రమ్మది ఇంకో అదురు, కొంచెం మెత్తగా. తాయమ్మ వేలు ఒక పోగు మీద ఆనితే, నమ్ముతారో లేదో, అది కూడా సన్నగా తెలుస్తోంది. మూడేళ్లుగా ఆమెను పట్టి లాగినవాళ్లు ఎవరూ లేరు. ఇప్పుడు ఒక ఇల్లు ఇల్లంతా ఆమె నడుముకు కట్టి ఉంది. నిండు చూలాలితో పరాయి ఊరికి వచ్చి సత్రంలో చోటు దొరకని వాళ్ల కథను ఏటా క్రిస్మస్‌కు గుడిలో విని ఆమె జాలిపడేది, అంతే. దేవుడు కావాలనే ఇల్లు లేని దారిలోకి వచ్చాడేమో, ఎవరో ఒకరు “రోంత పట్టుకో” అంటారని వచ్చాడేమో అని మొదటిసారి అనిపించింది.

సరిగ్గా అప్పుడే ఆమె కాళ్ల కింది రాయి కదిలింది.

పడుగు బరువు మొత్తం ఒక్కసారి ఆమె మీద పడింది. మడమలు జారాయి. చేతుల్లో స్పర్శ ఎప్పుడో పోయింది, వేళ్లు ఉన్నాయో లేవో తెలియదు. జానెడు, మూరెడు జారింది. “యేసేపూ” అంది సంతోషమ్మ, ఎందుకన్నదో ఆమెకే తెలియదు.

తాడు ఆగింది.

పల్లెలో బావి లోతు. ఎండాకాలం బొక్కెన చేదాలంటే ముగ్గురు పట్టాల్సి వచ్చేది. ముందు ఆమె, ఆమె వెనక మాదన్న, అందరికీ వెనక తాడు కొస భుజాన వేసుకుని యేసేపు. ఎప్పుడైనా ఆమె చేతులు జారితే వెనక ఇద్దరూ గుంజి ఆపేవాళ్లు. ఇప్పుడూ అచ్చం అట్లాగే ఆగింది. ఆమె నడుము దాటి నేల మీద పడి ఉన్న తాడు కొసను ఎవరో అందుకున్నట్టే ఉంది. మాదన్న ఊపిరి మెడ మీద వెచ్చగా తగిలింది. సంతోషమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. చూడాలనీ అనిపించలేదు. ఎదురుగా తెల్లగా మండుతున్న పోగులనే చూస్తూ కూర్చుంది. గుడిలో పాట ఎప్పుడు ఆగిందో ఆమెకు తెలియదు.

పడుగు ఆరింది. నీలకంఠం పరుగున వచ్చి తాడు విప్పుకుంటే గానీ ఆ సంగతి ఆమెకు తెలియలేదు. ఆమెను చూసి అతను భుజం మీది తుండుగుడ్డతో ముఖం తుడుచుకుని, తల్లిని పిలిచాడు.

తాయమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. సావిత్రమ్మ జొన్నగంజి చెంబుతో వచ్చింది.

“ఏ ఊరమ్మా? ఎవరోళ్లు?” అని అడిగింది తాయమ్మ.

“హాలహర్వి అవతల. మాలపల్లె వాళ్లమమ్మా. యేసును కొలుస్తాము.”

చెంబు పట్టుకున్న సావిత్రమ్మ చేయి ఆగింది. అత్త ముఖం చూసింది. సంతోషమ్మకు ఇది కొత్త కాదు. వంగి, గంజి పోయించుకోవడానికి అలవాటుగా దోసిలి పట్టబోయింది. వేళ్లు తెరుచుకోలేదు. తాడు పట్టిన పిడికిళ్లు పట్టినట్టే బిగిసి వాచిపోయి ఉన్నాయి. ఆ పిడికిళ్ల కేసి తాయమ్మ చాలాసేపు చూసింది. తర్వాత కోడలి చేతిలోంచి చెంబు తీసుకుని తనే సంతోషమ్మ నోటికి అందించింది.

“అత్తా, ఊరోళ్లు సూస్తే?” అంది సావిత్రమ్మ మెల్లగా.

“ఊరోళ్లు తాడు పట్టేకి రాలేదు గదా” అంది తాయమ్మ. “ముందే అడిగింటే నేనే నిన్ను పట్టుకోనిచ్చేదాన్ని కాదేమోలే, అబద్ధమెందుకు. అడిగేకి యాళ లేకపోయె. మంచిదాయె. తాగు.”

గంజి తాగి సంతోషమ్మ లేచి గుడివైపు నడిచింది. ఆమె అడిగితే, గుడి ముందు విస్తళ్లు ఊడుస్తున్న బజారి అనే కుర్రాడు చెప్పాడు. “ఏసన్న తాతా? ఇప్పుడే బండెక్కి పోయినాడు గదమ్మా. రోంత ముందు రాకూడదా?”

ఆమె మెట్టు మీద కూర్చుంది. పొద్దున చూసింది చిన్న విషయం కాదు, తెలుసు. అయినా పిలుపు పిలుపే. మొగుడి పేరూ కొడుకు పేరూ ఇక ఎవరి నోటా రావు. గుండెలో ఒక పక్క ఆ వెలుగు అట్లాగే ఉంది, ఇంకో పక్క ఈ నొప్పీ ఉంది. రెండూ ఒకే గుండెలో ఎట్లా పడతాయో అనుకుంది.

ఎంతసేపటికో సావిత్రమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. ఆమె చంకలో సంతోషమ్మ మూట ఉంది.

“మూట మరిసిపోతివే. మా యత్త పిలుసుకొని రమ్మనె. అచ్చు అతకాల, చేతులు చాలవంట.”

అచ్చు అతకడమంటే కొత్త పడుగును మగ్గానికి ఎక్కించడం. పాత పడుగు కొసలు మగ్గంలోనే వదిలి ఉంచుతారు. కొత్త పోగులు ఒక్కొక్కటే తీసి ఆ పాత పోగులకు ముడివేయాలి. ఆ సాయంత్రమూ, మరుసటి పొద్దున్నా అదే పని. ముడి వేయడానికి సంతోషమ్మ వేళ్లు వంగలేదు. పోగులు తీసి అందించడం మాత్రం కుదిరింది. ఆమె అందిస్తే తాయమ్మ ముడి వేసేది. రాత్రికి అరుగు మీద గోనెపట్టా పరిచి పడుకోమన్నారు. లోపలికి రమ్మని అనలేదు, ఆమె ఆశించనూ లేదు. కానీ దుప్పటి తెచ్చి కప్పింది తాయమ్మే.

మరునాడు మధ్యాహ్నానికి మగ్గం సిద్ధమైంది. నీలకంఠం మగ్గం గుంతలో దిగి కూర్చున్నాడు. అడ్డపోగును లాక్కుపోయే నాడెను చేతిలోకి తీసుకుని, విసరకుండా ఆగాడు. వాకిట్లో నిలబడి చూస్తున్న సంతోషమ్మకు తాయమ్మ చెప్పింది.

“ఇది మా మామ పెట్టిన ఆనవాయితీ. పడుగుకు చేయి సాయం పట్టినోళ్ల పేర్లు సెప్పందే మొదటి నాడె ఇసరకూడదు.”

నీలకంఠం కళ్లు మూసుకున్నాడు. “తాయమ్మ, సావిత్రమ్మ” అన్నాడు. తర్వాత కళ్లు తెరిచి, “నీ పేరేందమ్మా? అడగనే లేదు” అన్నాడు.

“సంతోషమ్మ” అంది. మళ్లీ తనే అంది, “యేసేపు. మాదన్న. ఆ పేర్లు కూడా సెప్పు నాయనా.”

“వాళ్లెవరమ్మా?”

“నా మొగుడు. నా కొడుకు. పోయి మూడేండ్లు దాటె.”

నీలకంఠం ఇబ్బందిగా నాడెను ఇటూ అటూ తిప్పాడు. “పడుగు పట్టినోళ్లవే సెప్పాలమ్మా. వాళ్లు యాడ పట్టినారు?”

“మరి నేనొక్కదాన్నే ఆపితినా నాయనా, ఆ బరువు?” అంది సంతోషమ్మ.

నీలకంఠం ఆ వాచిన పిడికిళ్లు చూశాడు. బక్కచిక్కిన ఆ మనిషిని చూశాడు. కాళ్ల కింద రాయి కదిలినప్పుడు తన గుండె ఆగినంత పని కావడం గుర్తొచ్చింది. అంత బరువు ఆ క్షణాన ఎట్లా ఆగిందో అతనికీ తెలియదు.

“సెప్పురా” అంది తాయమ్మ.

నీలకంఠం మళ్లీ కళ్లు మూసుకున్నాడు. తన నోటికి అలవాటు లేని పేర్లు కాబట్టి, తప్పు పోకుండా నిదానంగా పలికాడు.

“యేసేపు. మాదన్న. సంతోషమ్మ.”

వాకిట్లో సంతోషమ్మ చీర సర్దుకుని నిటారుగా నిలబడింది.

“ఉండాం” అంది.

నీలకంఠం నాడె విసిరాడు.